నూనె కమ్మిన అద్దం

మా అత్తగారు ఆల్బినా కుబిచెక్ ఆడవాళ్ల విమాన పందెంలో ఎనిమిదిసార్లు ఎగిరారు. నాలుగో స్థానం దాటి పైకి రాలేదు. తొమ్మిదోసారి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నారు. అప్పటికి నాకు లైసెన్సు వచ్చి రెండేళ్లు.

"నా కొడుకు నిన్ను ఏరుకున్నాడు, నేనూ ఏరుకుంటున్నాను. వాడికన్నా నాకే ప్రమాదం ఎక్కువ," అన్నారు నవ్వకుండా.

నాలుగు రోజుల పందెం అది. ఏ విమానం ఎంత వేగంగా పోగలదో ముందే లెక్క కట్టి పెడతారు. ఆ లెక్కని ఎవరు ఎక్కువగా మించితే వాళ్లదే గెలుపు. అందుకే మా నాలుగు సీట్ల పాత డొక్కు కూడా కొత్తవాటితో పోటీపడగలదు. మిగతావాళ్లు ఎగిరిపోతుంటే అత్తయ్య రెక్క నీడలో కూర్చుని, గసగసాలు కూరిన కోలాచీ బన్నులు తింటూ, వెనకనుంచి తోసే గాలి కోసం కాచుకున్నారు. ఆఖరి రోజు పొద్దుటికి ఆ లెక్క ప్రకారం అందరికన్నా మేమే ముందున్నాం.

ప్లాట్ నది దాటాం. ముగింపు గీత ఇక ఇరవై మైళ్లు ఉందనగా, ముందు అద్దం మీద తేనెరంగు చార ఒకటి పైకి పాకింది.

"పురుగేదో చితికింది," అన్నారు.

"పురుగు కాదత్తయ్యా, నూనె. ఇంజన్ నూనె. నూనె ఒత్తిడి ముల్లు చూడండి, పడిపోతోంది."

"ఆ ముల్లు పుట్టుకతోనే అబద్ధాలకోరు. నువ్వు దారి చూడు."

ఇంకో చార. ఆ పక్కనే మరోటి. చూస్తుండగానే ఆవిడ ముందున్న అద్దమంతా మసకబారింది. మాడిన నూనె వాసన గుప్పున లోపలికొచ్చింది.

"దిగిపోదాం అత్తయ్యా."

"ఎక్కడే దిగేది? ఎనిమిదిసార్లు, మార్లిస్! ఎనిమిదిసార్లు ఎవరెవరో కప్పు ఎత్తుతుంటే కింద నిలబడి చప్పట్లు కొట్టాను. పది నిమిషాలు ఓపిక పట్టలేవా?"

"నేను పడతాను. ఇంజన్ పట్టొద్దూ?"

వేగం తగ్గించబోయి థ్రాటిల్ మీద చెయ్యి వేశాను. ఛెళ్లున కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికి కాదు. అంతలో ఇంజన్‌లో టకటకమని మోత మొదలైంది. కాళ్ల కింద విమానం అడుగు వణికింది.

అత్తయ్య మొహం పాలిపోయింది. "నీ వైపు ఏమైనా కనిపిస్తోందా?"

"పక్క కిటికీలోంచి కనిపిస్తోంది. మొక్కజొన్న చేల మధ్య మట్టిరోడ్డు. కరెంటు తీగలు లేవు."

ఆవిడ స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసేశారు. "అయితే నువ్వే దించు. నాకేం కనపడటం లేదు."

నా ముందూ ఒక స్టీరింగ్ ఉంది కానీ, కుడి సీట్లోంచి నేనెప్పుడూ ఒంటరిగా దించలేదు. విమానం ముక్కు పక్కకి తిప్పి, ఏటవాలుగా జారుతూ, కిటికీలోంచి రోడ్డు చూస్తూ వచ్చాను. అత్తయ్య ఇంజన్ ఆపేసి, వేగం చదవడం మొదలుపెట్టారు. మోత ఆగాక గాలి హోరు ఒక్కటే మిగిలింది.

"డెబ్బై... అరవై ఐదు... ముక్కు దించు పిల్లా, ముక్కు! ఆఁ, అలా ఉంచు. అలాగే ఉంచు."

ఆఖరి క్షణంలో ముక్కు సరిచేశాను. చక్రాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. ఎడమ రెక్క మొక్కజొన్న కంకుల్ని కోసుకుంటూ పోయింది. దుమ్ములో ఆగాం.

అత్తయ్య దిగి, రోడ్డు పక్కన నాకు వీపు పెట్టి నిలబడ్డారు. నేను ఇంజన్ మూత తెరిచి నూనె చూసే పుల్ల లాగాను. తుడిచి మళ్లీ ముంచాను. చివర చిన్న మరక కూడా అంటలేదు. తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

చాలాసేపు చూశారు. "గీత దాకా వెళ్లేవాళ్లమా?"

"ఇంకో రెండు మైళ్లు కూడా వెళ్లేవాళ్లం కాదు."

ఆవిడ గట్టు మీద కూలబడ్డారు. ఏడ్చారు. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా చెయ్యి తీసుకుని, తను కొట్టినచోట బొటనవేలితో రాశారు. "ఇంకెప్పుడూ కొట్టను," అన్నారు. "అరుస్తాను. అది మానడం నా వల్ల కాదు."

నెత్తిమీద ఇంజన్ చప్పుడు. మా వెనక రెండో స్థానంలో ఉన్నవాళ్ల ఎర్ర విమానం తూర్పుకి దూసుకుపోయింది. కనుమరుగయ్యేదాకా అత్తయ్య దానికేసే చూశారు.

"గాలిని భలే వాడుకుంటోంది మహాతల్లి," అని ముక్కు చీదుకున్నారు. "ఫోన్ చెయ్యి. క్షేమంగా దిగామని చెప్పు. మనం గీత దగ్గరికి రాకపోతే గెలిచినవాళ్లు కూడా సంబరం మానేసి మనకోసం వెతకడానికి బయల్దేరతారు."