నావకు మైల

నావకు మైలేందని నేను గప్పుడే అన్న. ఎవ్వలిన్నరు నా మాట? ఆడదాని మాటాయె, అండ్ల నాది గయ్యాళి నోరని ఊరంత పేరు వెట్టిరి. ఇగ ఇంటరా!

మాది మంథని కాడ గోదారి ఒడ్డు. ఇటు దిక్కు కరీంనగర్ జిల్లా, అటు దిక్కు ఆదిలాబాద్ జిల్లా. నడుమ నీళ్లు, ఆ నీళ్ల మీద మా నావ. మా ఆయన ముత్తయ్య, ఆయనకంటె ముందు మా మామ సిద్దిరాములు, గా రేవు నడిపే బతికిండ్రు. ఎండకాలం గోదారి సన్నగైతది. ఎడ్లబండ్లు ఇసుకల పడి అద్దరికి పోతయ్, నావకు పనుండదు. అట్లని దాన్ని ఒడ్డున ఎండల పెట్టం. రాళ్లేసి మడుగుల ముంచుతం. ఇనేటోళ్లకు నవ్వొస్తది కని, చెక్క నీళ్లు తాగి ఉబ్బితెనే సందులు మూసుకుంటయ్. లోపటికి నీళ్లు రావొద్దంటె నావను నీళ్లల్లనే ఉంచాలె.

గా యేడు, ఎనభై ఒకటో రెండో, రోహిణి కార్తెల మా మామ సచ్చిపాయె. నిండు బతుకు బతికిన ముసలోడు. ఏడ్చినం, సాగనంపినం. కని మా రేవోళ్లకు ఒక ఆచారముంది. నావ నడిపేటోడు సస్తె ఇంటోళ్లతోపాటు నావకు సుత మైలే. ఒడ్డుకు గుంజి బోర్లేస్తరు. పదకొండో దినం దాక ఎవ్వలు ముట్టరు, సుక్క నీళ్లు తగలనియ్యరు.

"ఓ అయ్యా, రోహిణి ఎండకు రోళ్లు పల్గుతయంటరు. చెక్క ఉంటదా?" అన్న.

"మా బాపుకంటె నావ ఎక్కువైందా నీకు?" అన్నడు మా ఆయన.

"మీ బాపే లేచొస్తె నీ చెంపలు వాయగొట్టి నావను మడుగుల ముంచుతడు" అన్న.

కులపెద్దలు నా మీదికి లేచిండ్రు. ఆచారం కాదంటె వంశానికి మంచిది కాదన్నరు. వాళ్ల నోట్ల మన్నువడ, వంశం సంగతి వాళ్లే మాట్లాడిండ్రు. నావను బోర్లేసిండ్రు.

మాకు ఒక్కతే బిడ్డ, నర్మద. అద్దరికిచ్చినం. అల్లుడు కొండల్ మా కులపోడే, బంగారం అసొంటి పిల్లగాడు, కని వానికి నీళ్లంటె పాణం మీదికొస్తది. నావెక్కితె చాలు కండ్లు గట్టిగ మూసుకుంటుండె. "అవ్వా, నీ అల్లున్ని బర్రె మీదన్న దాటియ్యరాదే" అని నర్మద పడి పడి నవ్వుతుండె.

గప్పుడు దానికి కడుపు. తొలుసూరు కాన్పాయె, తల్లిగారింట్లనే చెయ్యాలె. నెల ముందుగాలనే బండి మీద తోల్కొద్దామనుకున్నం. ఇంతల మామ సచ్చిపాయె. కడుపుతోని ఉన్న పిల్లను సావింటికి తెస్తరా? తాతను ఒక్కసారన్న సూస్తనని మస్తు ఏడ్సిందట, రానియ్యలే. దినాలు కానీ, ఇంటికి సున్నమేసి తోల్కొద్దామన్నరు.

పదకొండో దినం బువ్వలు తినంగనే మబ్బు వట్టింది. మిరుగు కార్తె ఇంకా రానే లేదు. పైన యాడ వాన కొట్టిందో ఏమో, తెల్లారెవరకు గోదారి ఎర్రగ ఒడ్లు ఒరుసుకుంట వచ్చింది. బండ్ల తొవ్వ మున్గిపాయె. గోరుచుట్టు మీద రోకటి పోటంటె గిదే. ఉర్కి నావను లేపి కిందికెల్లి సూస్తె, చెక్కల సందులకెల్లి అవుతల మబ్బు కనవడ్డది!

"సూడు. నీ మైల ఏం జేసిందో సూడు!" అన్న. ఆయన రాళ్లేసి ఒడ్డు పొంటి నీళ్లల్ల ముంచిండు. వారమన్న నానితె గని ఆ సందులు కూడవు.

వారమెక్కడిది! తెల్లారి పొద్దుగాలనే అద్దరికెల్లి కేక. మా రేవుల నావను పిలువాలంటె కట్టెకు గుడ్డ కట్టి ఊపుతరు. ఎవ్వలో ఊపుతుండ్రు. చిలుకపచ్చ చీర. ఉగాదికి నర్మదకు నేను పెట్టిన చీరనే.

"మన పోరికి నొప్పులొచ్చినయయ్యా" అన్న.

దవాఖాన మంథనిల ఉండె, మా దిక్కు. అద్దరి దిక్కు వానకు తొవ్వలు తెగినయ్. రావాలంటె గోదారి మీదికెల్లే రావాలె, రేవుకు నావ ఒక్కటే. దాన్ని లేపి నీళ్లు గుమ్మరించినం. గుగ్గిలం కరగవెట్టి సందులల్ల పోద్దామంటె తడి చెక్కకు నిలవదు. ఒక్క దినం నానితె ఉబ్బనూ లేదు. ఎటూగాకుంట అయింది. సాలోళ్ల ఇండ్లకు ఉర్కి మగ్గాల కింది నూలు పీలికలు ఏరుకొచ్చిన. ఆముదంల ముంచి ఉలితోని సందులల్ల కుక్కినం. అన్నీ జర ఆగినయ్ కని, నడుమ అడుగు చెక్క ఒకటి జానెడు పొడుగు పల్గింది. దాంట్ల ఎంత కుక్కినా నీళ్లు తన్నంగనే ఊడొస్తంది. నా కొంగు చింపి ముద్ద జేసి పెట్టి, మీదికెల్లి రెండు అరచేతులు ఏసి పెయ్యి బరువంత మోపిన. గప్పుడు ఆగింది.

"గిట్లనే అదిమి పట్టుకుంట, నువ్వు నడుపు" అన్న.

"అద్దరి దాకనా?"

"పొయ్యేటప్పుడూ, వచ్చేటప్పుడూ. ముందు కదులు!"

పొయ్యేటప్పుడు ఇద్దరమే, ఎట్లనో దాటినం. నర్మదను మంచం మీద మోసుకొచ్చిండ్రు. కాన్పు కాకముందే నెత్తురు పోతంది, ఆగుతలేదని మంత్రసాని తల కొట్టుకుంటంది. నా బిడ్డ మొఖం సున్నం లెక్క తెల్లవడ్డది. బొంతేసి నావల పండవెట్టిండ్రు. దాని తల నాకు రెండు మూరల దూరంల ఉంది. కొండల్ వణుక్కుంటనే ఎక్కిండు. "నీళ్లు తోడు బిడ్డా, ఆపకు" అని సత్తుగిన్నె వాని దిక్కు తన్నిన. పాపం, ఆ దినం వాడు కండ్లు మూసుకోలే. పిచ్చోని లెక్క తోడిండు.

నలుగురమయ్యేసరికే నావ కుంగింది, ఇంకొకల్లను ఎక్కించేటట్టు లేదు. కుక్కిన సందులన్నీ ఊటలు వెట్టినయ్. మా ఆయన గడ ఏస్తుండు, కొండల్ తోడుతుండు, నేను అదిమి పట్టుకున్న. ముగ్గుర్ల ఒక్కరు చెయ్యి ఆపినా మున్గుడే.

నడి గోదాట్ల నర్మద పిలిచింది. "అవ్వా."

"ఆఁ బిడ్డా. వచ్చినం, గదో మన రేవు కనవడ్తంది."

"సలి వెడ్తందే. జర నా చెయ్యి పట్టుకో."

చెయ్యి నా దిక్కు చాపింది. నేను ఒక్క చెయ్యి లేపిననో లేదో, బుస్సున నీళ్లు లేచి దాని బొంత మీద పడ్డయ్. "తియ్యకే! అందరం పోతం!" అని మా ఆయన ఒర్రిండు. మల్ల రెండు చేతులు ఏసి అదిమిన.

"కొండల్‌ను పట్టుకోమంటనే" అన్న.

"ఆయన తోడాలె గదనే. నువ్వు పట్టుకో."

ఇద్దరి నడుమ రెండు మూరలు. అంతే. రెండు మూరలు నేను జరుగలేకపోయిన.

"ఒడ్డెక్కంగనే పట్టుకుంట బిడ్డా. ఇగ ఇడువనే ఇడువ. పొద్దుందాక పట్టుకుంట."

"సరే తియ్" అన్నది. అలుగలే, ఏమనలే. అలిగినా బాగుండు.

దాన్ని నిద్రవోనియ్యొద్దని ముచ్చట్లు మొదలువెట్టిన. సిన్నప్పుడు చేప ముల్లు గుచ్చుకుంటె ఊరంత ఇనవడేటట్టు ఏడ్సింది చెప్పిన. "ఊఁ" అన్నది. పెండ్లిల కొండల్ తలంబ్రాలు పొయ్యమంటె వాళ్ల అవ్వ దిక్కు సూసిన సంగతి చెప్పిన. "ఊఁ" అన్నది, జర నవ్వినట్టే అయింది. పుట్టేటోనికి ఏం పేరు పెడ్దామే అన్న. పలుకలే. నీళ్ల సప్పుడుకు ఇనవడలేదనుకున్న. గట్టిగ అడిగిన. కొండల్ తోడుడు ఆపి దాని దిక్కు సూసిండు. "తోడు, నీ బొంద, తోడు!" అని తిట్టిన. వాడు ఏడ్సుకుంట తోడిండు. నేను ముచ్చట ఆపలే, ఒడ్డు దాక చెప్పుకుంటనే వచ్చిన.

నావ ఇసుకకు తాకింది. మా ఆయన గడ పారేసి నా పక్కకొచ్చి కూసున్నడు.

"దేవవ్వా, ఇగ చేతులు తియ్యి. ఒడ్డుకొచ్చినం."

చేతి ఏళ్లు కొంకర్లువోయి రాలే. ఆయనే ఒక్కొక్క ఏలు విప్పిండు. పాక్కుంట పోయి నా బిడ్డ చెయ్యి పట్టుకున్న. రెండు చేతులతోని పట్టుకున్న. మనుషులొచ్చిండ్రు, దవాఖానకెల్లి నర్సమ్మ వచ్చింది, సూసి తల అడ్డంగ ఊపింది. ఇడువుమని అందరు చెప్పిండ్రు, గుంజిండ్రు, మొక్కిండ్రు. ఇడువలే. అన్న మాట ప్రకారం పొద్దుందాక పట్టుకున్న. అవ్వ పట్టుకున్నదని దానికి ఎరుకనే లేదు.