మిరియమంత బల్బు

టీ పొంగకుండా ఒక చేత్తో మంట తగ్గించి, రెండో చేత్తో ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని చదివింది హజ్రా బీ. ఇంటి ముందు షెడ్డులో ఉన్న కారుకు గుచ్చిన చిన్న పరికరం దాని జబ్బును ఆ ఫోనుకు పంపుతుంది. మెకానిక్ ఆమె భర్త అలీ సాహెబు. ఆయనకు అక్షరం రాదు. పిల్లల పాత పుస్తకాల మీద వేలు పెట్టుకుని ఆమే నేర్చుకుంది. ఆరేళ్ళుగా వంటింట్లో ఆమె చదవడం, టీ గ్లాసు అందిస్తూ మెల్లగా చెప్పడం, దాన్నే ఆయన బయట గట్టిగా చెప్పడం. అలీ సాహెబు చెయ్యేస్తే బండి మాట్లాడుద్దని నరసరావుపేటలో పేరు. "నువ్వు చదివావని తెలిస్తే నాకాడికి ఎవడొస్తాడే?" అని మొదటిరోజే అన్నాడాయన.

ఈ పాత కారు మాచవరం వీరయ్యది. నడిపేది ఆయన కోడలు దేవిక, మాచర్ల బడిలో టీచరు. తడిరోడ్డు మీద గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం లేదని మీటర్లో పసుపు దీపం ఆరడం లేదు. వెనక ఎడమ చక్రం వేగం చెప్పే సెన్సరు మార్చారు. అయినా ఇందాక బండి తిప్పి చూసినప్పటి లెక్క ఫోనులో చూస్తే, మూడు చక్రాలు వేగం చూపిస్తుంటే అది సున్నా దగ్గరే ఉంది.

"సెన్సరు కాదు, వైరు. ఎలుకలు కొరికుంటాయి. సీటు కిందిదాకా విప్పాలి," అంది భర్తతో.

"పొద్దుగూకేదాకా విప్పుకుంటా కూర్చుంటే వీరయ్య ఊరుకుంటాడా? అంబాసిడర్లకు ఇయ్యన్నీ ఉన్నాయా? ఆగలా?" అలీ సాహెబు మీటరు డబ్బా ఊడదీసి తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. "నా వేళ్ళు పట్టవు. ఆ దీపం బల్బు తీసెయ్."

తీసింది. మిరియమంత ఉంది. నలభై ఏళ్ళుగా చెప్పింది చేసే చేతులు, ఆమెను అడక్కుండానే చేశాయి. బయట జల్లు మొదలైంది. ఇలాంటి జల్లులోనే చెల్లెలు కుల్సుం "వస్తా ఆపా" అని స్కూటరెక్కింది. రాలేదు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా, వాళ్ళు చేరామని ఫోను చేసేదాకా హజ్రా బీకి ముద్ద దిగదు.

మీటరు బిగించారు. వీరయ్య పక్కసీట్లో కూర్చున్నాడు, దేవిక తాళం తిప్పింది. పసుపు దీపం లేదు. "బాగయిందే!" అని నవ్వింది.

హజ్రా బీ తనకు తెలియకుండానే వానలోకి వచ్చి కారు అద్దం తట్టింది. పిడికిలి విప్పి బల్బు దేవిక అరచేతిలో పెట్టింది.

"బాగుకాలేదమ్మా. ఇది నీ దీపమే. తీసింది నేను."

వీరయ్య ఆమె వైపు చూడలేదు. "ఏంది సాహెబూ, నిజమేనా?"

"ఆడదానికేం తెలుసు బావా. చాదస్తం."

దేవిక అరచేతిలోకి చూసుకుంది. బండి ఆపేసి దిగింది. "తెగిన వైరు ఎక్కడుందో చూపిస్తావా అత్తా?"

హజ్రా బీ భర్త ముఖం చూసింది. తిడతాడనుకుంది. ఆయన ముఖం తిప్పుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"చూపిస్తా తల్లీ. చీకటి పడకముందే చేసేద్దాం. ఈ రాత్రికి నేను ఎక్కడుంటానో నాకే తెలవదు."