ఊగని చేతులు

"ఇవాళ కూడా కిలోమీటరున్నరేనా?" అన్నాడు భర్త, కంచం ముందు కూర్చుని ఫోను చూసుకుంటూ.

ఆమె కూర వడ్డిస్తోంది. గరిటె పట్టుకున్న చేతికే వాచీ ఉంది. అది నడిచిన దూరం లెక్కపెట్టే అతని పాత వాచీ. పోయినేడు కొత్తది కొనుక్కున్నప్పుడు దీన్ని తనే ఆమె మణికట్టుకి కట్టాడు. "నీ ఆరోగ్యం నువ్వు చూసుకోవద్దూ?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆమె ఆరోగ్యం గురించి ఆ ఇంట్లో పుట్టిన మొదటి మాట అది. రోజంతా లోపల్లోపల పొంగిపోయింది. చార్జింగు త్వరగా అయిపోకూడదని వాచీలో జీపీఎస్ ఆపేసి, లెక్కలన్నీ తన ఫోనుకి వచ్చేలా కలిపాడు. ఆ ఆపేసిన సంగతి తర్వాత ఇద్దరూ మర్చిపోయారు. లెక్కలు మాత్రం రోజూ అతని ఫోనుకి చేరుతూనే ఉన్నాయి. రోజూ భోజనాల దగ్గర ఈ ప్రశ్న కూడా కూరతో పాటు కంచంలో పడుతూనే ఉంది.

కిలోమీటరున్నర. పొద్దున్నే అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కాలవ గట్టు మీది దారిలో వంతెన దాకా వెళ్ళి వస్తుంది. దారి పొడుగునా వంద మీటర్లకొకటి తెల్లరంగుతో అంకెలు వేసి ఉన్నాయి. వాటిని బట్టి చూస్తే రానూపోనూ ఐదు దాటుతుంది. ఒకసారి ఆ మాట అతనితో అంది. "కూలివాడు గీసిన గీతలు నమ్ముతావా, వాచీని నమ్ముతావా?" అని నవ్వాడు. అతనిది విసురు కూడా కాదు, నిజంగానే నవ్వొచ్చింది. ఆమెకీ అనుమానం వచ్చింది. కుర్చీ బరువు వల్ల దూరం ఎక్కువనిపిస్తోందేమో, తనసలు ఏమీ చెయ్యకుండానే అలసిపోతోందేమో అనుకుంది. నువ్వు చేసింది ఇంతేనని రోజూ ఒకరు చెబుతుంటే, కొన్నాళ్ళకి కాళ్ళనొప్పులు కూడా సిగ్గుపడతాయి. మందులవాసన కొట్టే గది తుడుస్తూ, అత్తగారి కాళ్ళకి నూనె రాస్తూ, పక్క మీది దుప్పటి మారుస్తూ ఆమె వాచీ వైపు చూసుకునేది. అంట్లు తోముతుంటే మాత్రం అంకె గబగబా పెరిగేది. అదేం చిత్రమో అర్థమయ్యేది కాదు. గిన్నెల మధ్య పరుగెత్తినట్టు చూపించి, గట్టు మీద పరుగెత్తితే నోరు మెదపదు.

అవును, గట్టు మీద ఆమె పరుగెత్తేది. మొదలుపెట్టించింది అత్తగారే. ఒకరోజు కుర్చీలో కునికిపాట్లు పడుతూ, "ఏమే, ఇలా ఊరేగిస్తే నాకు నిద్రొస్తోంది. కాస్త పరుగెత్తరాదూ? మొహానికి గాలి తగిలి ఎన్నేళ్ళయిందో" అంది. ఆమె అటూ ఇటూ చూసి, కొంగు దోపుకుని, పది అంగలు పరుగెత్తింది. అత్తగారు గట్టిగా నవ్వింది. రెండు కాళ్ళూ పడిపోయాక ఆవిడ అలా నవ్వడం కోడలు వినలేదు. పది అంగలు నూరయ్యాయి. చీర పోయి పంజాబీ డ్రెస్సు వచ్చింది. చలికాలం వచ్చేసరికి వంతెన దాకా ఆగకుండా పరుగెత్తగలిగింది. ముసలావిడ ముందు కూర్చుని, ఎదురుగా వచ్చేవాళ్ళని "తప్పుకోండి బాబూ, దీనికి బ్రేకుల్లేవు" అని హెచ్చరించేది.

అలాంటి రోజుల్లోనే అతని ఆఫీసులో పరుగుపందెం పెట్టారు. ఐదు కిలోమీటర్లు, ఇంట్లోవాళ్ళు కూడా పాల్గొనొచ్చు. ఆమె చాలా సేపు మాటలు కూడగట్టుకుని, నా పేరు కూడా ఇవ్వండి అంది. అతను జాలిగానే చూశాడు. కిలోమీటరున్నరకే నీ పని అయిపోతోంది, మా వాళ్ళందరి ముందూ సగంలో కూలబడితే నవ్వులపాలవుతావు, వాచీలో ఐదు చూపించిన రోజు తప్పకుండా ఇస్తానన్నాడు. పేర్లివ్వడానికి ఆ వారమే గడువు.

మర్నాడు అత్తగారికి జలుబు చేసింది. నువ్వెళ్ళి రా, నేనెక్కడికీ పారిపోను అని పంపేసింది. ఆమె ఒంటరిగా అదే దారిలో, అదే వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చింది. గుమ్మం దగ్గర వాచీ చూసుకుంటే ఐదు దగ్గరకొచ్చి ఆగింది. ఆమె చెప్పులు విప్పడం మర్చిపోయింది. రోజూ వెళ్ళే దారే కదా. ఇవాళ లేనిది కుర్చీ ఒక్కటే. ఆ సాయంత్రం ఖాళీ కుర్చీని వీధిలో రెండు చేతులతో తోసి చూసింది. వాచీ కదల్లేదు. ఒంటిచేత్తో తోస్తూ, వాచీ ఉన్న చెయ్యి ఊపి చూసింది. అంకె పెరిగింది. కాళ్ళ సంగతి దానికేం తెలుసు? అది ఉన్నది చేతికి. చెయ్యి దేన్నయినా పట్టుకుని ఉంటే, మనిషి నిలబడిపోయిందనే దాని నమ్మకం.

ఆ రాత్రి అతను పొద్దుపోయి వచ్చి, ఫోను చూడకుండానే పడుకున్నాడు. అత్తగారికి చెబితే ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆవిడ నలభై ఏళ్ళు వీధివీధంతటికీ బట్టలు కుట్టింది.

"మీ మామగారు నా మిషను పనిని ఏమనేవారో తెలుసా? కూర్చుని చేసే పని. కూర్చున్నదానికి అలుపేమిటి అనేవారు. తొక్కీ తొక్కీ ఈ కాళ్ళు ఎక్కడరిగాయనుకున్నావు?" అంది. తర్వాత చెయ్యి చాపింది. "ఏదీ, ఆ వాచీ రేపొక్కరోజు నాకు పెట్టు. వాడికేం చెప్పకు."

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్తగారు కుర్చీలో కూర్చుని అట్టముక్కతో విసురుకోవడం మొదలుపెట్టింది. కరెంటు వచ్చినా ఆపలేదు. చెయ్యి నొప్పెడితే కాసేపాగి, మళ్ళీ విసురుకునేది. కోడలికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. రాత్రి భోజనాల వేళకి ముసలావిడ చెంగు కింద చెయ్యి దాచుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంది.

అతను ఫోను చూశాడు. కనుబొమలు పైకెత్తాడు.

"ఐదు దాటావు! చూశావా, మనసు పెడితే అవుతుంది. రేపే నీ పేరిస్తాను."

"నా పేరూ ఇవ్వరా అబ్బాయ్. ఆ ఐదూ నడిచింది నేను," అంది తల్లి, చెంగు కింది నుంచి చెయ్యి తీసి వాచీ చూపిస్తూ.

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుర్చీలోంచి కిందికి వేలాడుతున్న తల్లి పాదాల వైపు చూశాడు. ఆమె మంచినీళ్ళు పోసి, చాలా మామూలు గొంతుతో అంది:

"నా పేరివ్వండి. ఆ రోజు అత్తయ్యని మీరు తీసుకురండి."

"మరి నా పరుగో?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరి కంచంలోనూ పడలేదు. కాసేపటికి అతనే "సరే" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం అతను లోపల ఎంత దూరం నడిచాడో ఆమెకి తెలిసింది. మనసులోనే దణ్ణం పెట్టుకుంది, అతనికీ, పక్కన ఏమీ ఎరగనట్టు అన్నం కలుపుకుంటున్న ముసలావిడకీ.

పందెం రోజున ఇంట్లోంచి ముందుగా బయల్దేరుతూ ఆమె పాత వాచీ విప్పి అతని చేతికిచ్చింది. ఎక్కడ పెట్టాలో తోచక, కొత్తది ఒక చేతికి ఉండగా దీన్ని రెండో చేతికి పెట్టుకున్నాడు. పరుగు మొదలయ్యాక మొదటి మలుపులోనే ఆమెకి భయం పోయింది. ముందు తోయడానికేమీ లేదు. కాళ్ళు వాటంతటవే ముందుకు పోతున్నాయి. ఇన్నాళ్ళూ అత్తగారి బరువుని మోశాననుకుంది గానీ, ఆ బరువే ఈ కాళ్ళని తయారు చేసిందని పరుగెత్తుతుంటే తెలిసింది. చివరికొచ్చేసరికి ఆమె ముందూ జనం ఉన్నారు, వెనకా ఉన్నారు. మధ్యలో ఎక్కడా కూలబడలేదు.

గీత అవతల కుర్చీలో అత్తగారు అట్టముక్క ఊపుతూ కనిపించింది. వెనకాల అతను చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఇంటి నుంచి అంతదూరం తోసుకొచ్చాడు మరి. ఆమె దగ్గరికి రాగానే రెండు మణికట్లూ చాపాడు, దెబ్బ తగిలిన పిల్లాడిలా. జీపీఎస్ ఉన్న కొత్త వాచీ మూడు కిలోమీటర్లంటోంది. పాతది పావు కూడా అనడం లేదు.

"ఒకే కుర్చీ, ఒకే దారి. నేను నిజంగా తోశాను," అన్నాడు. కొంచెం ఆగి, "రోజూ నీకిలాగే చూపించేదా?" అని అడిగాడు.

ఏడాదిగా దాచుకున్న జవాబులు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అవేవీ బయటికి తియ్యలేదు. తనకెవరైనా చెబుతారేమోనని ఎదురుచూసిన మాటే అతనికి చెప్పింది.

"మీరు తోశానంటే చాలు. నేను నమ్ముతాను."

అతను తల దించుకున్నాడు. పాత వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ఇంటికి బయల్దేరేటప్పుడు అలవాటుగా ఆమె చేతులు కుర్చీ పిడి వైపు వెళ్ళి, మధ్యలో ఆగాయి. అతను పట్టుకునేదాకా అక్కడే నిలబడింది.

"ఒరేయ్, కాస్త పరుగెత్తరాదూ?" అంది ముసలావిడ.

ఆమె పక్కనే నడుస్తోంది. చేతులు రెండూ ఖాళీగా, హాయిగా ఊగుతున్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టడం లేదు.