ఏమీ ఉండని దీవి

“అక్కడ ఏమీ ఉండదట” అన్నాడు ధర్మ, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆ మాట అనడంలో అతనికి ఎంత సంబరమో.

అతని భార్య కనక వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ముంచంగిపుట్టు దాటి లోపలికి పోతే రిజర్వాయరు, దాని మధ్యలో దీవి. ఫారెస్టు వాళ్ళు దాన్ని పార్కు చేసి నాలుగు గుడారాలు వేశారు. లాంచీ మీద పోవాలి. కరెంటు ఉండదు, కొట్టు ఉండదు, హోటలు ఉండదు, సిగ్నలు ఉండదు. అతను ఒక్కొక్కటే చదువుతుంటే పిల్లలు గెంతులు వేశారు. అతను ఉండదన్న ప్రతిదీ కనక నెత్తిమీద మూటై కూర్చుంది. కరెంటు ఉండదంటే లైట్లు, బ్యాటరీలు ఆమె సర్దాలి. కొట్టు ఉండదంటే ఉప్పు దగ్గర్నుంచి అగ్గిపెట్టె దాకా ఆమె గుర్తుపెట్టుకోవాలి. హోటలు సంగతి చెప్పక్కర్లేదు, ఆడపడుచు కుటుంబంతో కలిపి తొమ్మిది మందికి మూడు పూటలా ఆమే. మొత్తమ్మీద ఆమె మొయ్యక్కర్లేనిది సిగ్నలు ఒక్కటే.

“వదిన ఉందిగా అన్నయ్యా, మనకేటి దిగులు” అంది ధర్మ చెల్లెలు హేమలత, విశాఖపట్నం నుంచి స్పీకరులో. హేమలత మంచిదే. ఎవరిమీదా కోపం లేని మనిషి. ఎవరి పనీ కంటికి ఆనదు, అంతే.

కనక పాడేరు ఆస్పత్రిలో నర్సు. ఎండాకాలంలో ఈ వారం సెలవు కోసం తోటివాళ్ళ రాత్రి డ్యూటీలన్నీ నెల పొడుగునా తన మీద వేసుకుంది. అదేమీ దీవి కోసం కాదు. ఇటుకల పండక్కి పుట్టింటికి పోదామని.

ఆమె పుట్టిల్లు పెదబయలు దగ్గర ఊరు. చైత్రంలో వచ్చే ఆ పండక్కి విత్తనాలకు పూజ చేశాక మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఇప్పుడు వేట పేరుకే అనుకోండి, పోవడం మాత్రం పోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊరు ఆడవాళ్ళది. ఉయ్యాలలూగుతారు, థింసా ఆడతారు, రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి వచ్చే పోయే బళ్ళని ఆపి పజోరు అడుగుతారు. ఎంతో కొంత చేతిలో పెట్టందే ఎంతటి ఆఫీసరు బండైనా కదలదు. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోసి ఆట పట్టిస్తారు. చిన్నప్పుడు కనక ఆ దుంగ కొస మీద కూర్చునేది. పెళ్ళయ్యాక ఒక్క పండక్కీ పోలేదు. ఒక ఏడు బాలింత, ఒక ఏడు హేమలత పెళ్ళి, ఆ తరువాత అత్తగారి మోకాళ్ళు. ఇంక వయసు మళ్ళాక ఉయ్యాలెక్కుతుందా?

ఈసారి అడిగింది. ధర్మ వేరే జాతివాడేం కాదు, అతని తాత కూడా విల్లమ్ములు పట్టుకుని అడవికి పోయినవాడే. కానీ బ్యాంకులో ఆఫీసరయ్యాడు. “రోడ్డు మీద నిలబడి డబ్బులు అడుక్కుంతావేటి? మా మేనేజరు అటే వస్తే నా పరువేటవుద్ది?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమే తిరిగి ఏదో ఒకటి అనేది. నవ్వుతూ అన్న మాటకి నవ్వాలి గనక నవ్వింది. ఆ సెలవులోకి దీవి వచ్చి కూర్చుంది. “పిల్లలకి అడివంటే ఏటో తెలీకుండా పోతంది కనకా” అన్నాడు, ఎంతో బాధగా.

బయల్దేరేనాడు అందరూ కాఫీలు తాగి బండెక్కారు. కనక చివరి సీట్లో, గ్యాస్ స్టవ్వు కాళ్ళ మధ్య, అప్పడాల డబ్బా ఒళ్ళో.

“ఏటి సేత్తన్నావే, ఇంగువ పెట్టావా?” అంది ముందు సీట్లోంచి అత్తగారు ముత్యాలమ్మ.

“పెట్టేనత్తా.”

పెదబయలు దాటగానే మలుపులో దుంగ ఎదురైంది. ధర్మ బ్రేకు వేశాడు. పది పన్నెండు మంది ఆడవాళ్ళు పాడుకుంటూ బండి చుట్టూ చేరారు. అందులో భాను ఉంది, కనక చిన్నమ్మ కూతురు. కిటికీలోకి వంగి లోపల చూసింది.

“ఏటి బావా, ఆడోళ్ళని కూడా అడివికి తోలుకెల్తన్నావా? ఇలాటిది ఎక్కడా సూడనేదు.”

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ధర్మ వెనక్కి తిరిగాడు. “కనకా, నీ వోళ్ళేగా. దిగి దుంగ తియ్యమని సెప్పు. బేగి, లాంచీ ఎల్లిపోద్ది.”

కనక అప్పడాల డబ్బా సీటు మీద పెట్టి దిగింది. దుంగ దాకా నడిచింది. ఏదో చెబుదామనే దిగింది. తీరా చూస్తే దుంగ కొస ఖాళీగా ఉంది. కూర్చుంది. ప్రాణం ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ధర్మ హారను కొట్టాడు. హేమలత “వదినా, అలాగే ఉండు, ఫోటో తీస్తాను” అంది.

“అయింది కదా, ఎక్కు” అన్నాడు ధర్మ.

“పజోరు ఇయ్యండి.”

భాను వాళ్ళు మళ్ళీ నవ్వారు. బండిలో ఎవరూ నవ్వలేదు. ముత్యాలమ్మ కొంగు ముడి విప్పి, ఒక నోటు తీసి కిటికీలోంచి భాను చేతిలో పెట్టింది. కోడలివైపు చూడలేదు.

“పోనియ్యిరా బండి” అంది కొడుకుతో. “నేనూ ఒకప్పుడు ఇలా దుంగ కాసినదాన్నే.”

కనక లేచింది. ఒక కొస తను, రెండో కొస భాను పట్టి దుంగ పైకెత్తారు. బండి మెల్లగా దాటింది. వెనక అద్దంలోంచి ఆమె పిల్లలిద్దరూ చేతులు ఊపారు. వాళ్ళకి తండ్రి ఉన్నాడు, నాయనమ్మ ఉంది, ఆకలేస్తే అడుగుతారు. కాస్త దూరం పోయాక బండి ఆగింది. ధర్మ తల బయటికి పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతనికి ఎన్నడూ అడగాల్సిన అవసరం పడని మాట అడిగాడు.

“మరి అక్కడ వండేదెవరు?”

కనక దుంగను మళ్ళీ రోడ్డుకి అడ్డంగా దించి, చేతులు దులుపుకుంది.

“అక్కడ ఏమీ ఉండదని మీరే అన్నారు కదా. నేనూ ఉండను.”