సాలెవాడ మూలమీది తొట్టి

వార్డు మెంబరు అంతయ్య చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. మా సాలెవాడ మూలమీద మునిసిపాలిటీ చెత్త తొట్టి పెట్టించింది ఆయనే.

అంతకుముందు ఎవరి చెత్త వాళ్ల దొడ్లో పెంటగుంతలోనే పడేది. ఎండాకాలం రైతులు బండి కట్టుకొచ్చి ఎరువుకు తోలుకుపోయేవాళ్లు. వీధి మాకు మగ్గంతో సమానం. తెల్లారగానే నిలువు పోగుల పడుగును వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, పోగులకు గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టుకోవాలి. ఇంట్లోగానీ దొడ్లోగానీ అంత పొడుగు జాగా ఎవరికుంది?

తొట్టి పెట్టేటప్పుడు ఆ మాటే అంతయ్యతో అన్నాను.

"ఫికర్ చెయ్యకు పర్శరాములన్నా. మీరు పడుగు పట్టకముందే బండొచ్చి ఎత్తుకపోతది" అన్నాడు.

దసరా దాకా బండి వచ్చింది. తర్వాత రాలేదు. తొట్టి నిండి చెత్త వీధిలోకి పరుచుకుంది. దాని వెంట పందులు వచ్చాయి. మునిసిపాలిటీ ఆఫీసుకు పోతే చెత్తబండ్లు చూసే జమేదారు రాయమల్లు నోట్లో బీడీ తియ్యకుండానే చెప్పాడు.

"ఎడ్లకు సుస్తయింది."

"నిన్న అంతయ్య కొత్తింటికి ఇటుకలు మోసినయి గవే ఎడ్లు కాదా?"

"అందుకే సుస్తయింది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను తిరిగొచ్చాను.

హుస్నాబాద్‌లో ఒక పెండ్లికి చీరెలు కావాలని సావుకారు నూలు ఇచ్చాడు. ఈ పడుగు సరిగ్గా నేసిస్తేనే మళ్లీ నూలన్నాడు. నేనూ నా భార్య దేవవ్వా చెత్తను పారతో ఓ పక్కకు నెట్టి, వీధి ఊడ్చి పడుగు కట్టాము. ఎప్పటిలాగే బియ్యపు గంజి చిక్కగా పట్టించాము. పందులు చెత్త వదిలి ఆ వాసనకు వస్తాయని మాకు తట్టలేదు. తొట్టి వచ్చేదాకా, మా తాతల నాటి నుంచి ఆ వీధిలో పందులే లేవు.

గంజి కుంచె కడుక్కోవడానికి బావి దగ్గరకు పోయాను. దేవవ్వ కేక విని వచ్చేసరికి తల్లి పంది, పిల్లలు పడుగులో చిక్కుకుని ఉన్నాయి. తరిమిన కొద్దీ గుంజుకున్నాయి. పోగులు తెగి చెత్తలో కలిశాయి. దేవవ్వ పొద్దుగూకేదాకా అతుకుతూనే కూర్చుంది. కంపు కొట్టే పోగుతో నేసిన చీరెను పెండ్లికి ఎవరు కడతారు?

అంతయ్య కూడా వచ్చి చూశాడు.

"పందులు మునిసిపాలిటీవి కావు కదనే" అన్నాడు.

పాడైన నూలు ఖరీదుకు పాత బాకీ కూడా కలిపి సావుకారు మా దొడ్డి రాయించుకున్నాడు. చుట్టూ ముళ్లకంచె వేయించాడు. అప్పటిదాకా మా చెత్త దొడ్లోనే పోస్తూ వచ్చిన దేవవ్వ ఆ పొద్దు ఇల్లూడ్చి, చెత్తగంప చంకన పెట్టుకుని గడపలో నిలబడింది.

"ఇగ ఏడ పోయాలె?"

నేను తొట్టి వైపు చూపించాను. ఆమె నా మొహం చూడకుండా పోయి, ఆ కుప్ప మీదే పోసి వచ్చింది.

బండి ఇంకా రాలేదు. మా దొడ్డి, పెంటగుంతతో సహా, సావుకారు కాగితంలో రెండు గుంటల పద్నాలుగు గజాల జాగా.