గేటు ముందు పాఠం

ఇంటివాళ్ళు తప్ప దీవిలో అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలిచేవారు. బడి నుంచి రిటైరైంది గానీ, ఆవిడ గొంతు మాత్రం రిటైర్ కాలేదు. కూరగాయలు బేరమాడినా వెనక బెంచీకి వినబడేలా ఆడేది.

ఆ ఏడు వానలకి ఊరి వెనక కొండవాలు జారి రోడ్డు మీద పడింది. రొట్టెల కొట్టువాళ్ళ ఇల్లు సగం మట్టి కిందికి పోయింది. మనుషులు బతికి బయటపడ్డారు, అదే పదివేలు. కొండ మీది చెట్లు చాలావరకు అప్పటికే ఊదాపూల తీగ కింద చచ్చి ఉన్నాయి. ఆ తీగ ఈ దీవిది కాదు. అందానికని ఎక్కణ్ణుంచో తెచ్చి గోడల మీద పాకించారు. అది గోడ దిగి, వాగు దాటి, కొండెక్కి చెట్ల నెత్తిన దుప్పటిలా పరుచుకుంది. ఎండ తగలక చెట్లు పోయాయి. వేళ్ళు కుళ్ళాక మట్టిని పట్టుకునే దిక్కు లేకపోయింది.

అప్పట్నించి టీచరమ్మ ఆదివారం ఆదివారం కమ్యూనిటీ హాల్లో పాఠం పెట్టింది. తీగని ఎలా గుర్తుపట్టాలి, వేరుతో సహా ఎలా లాగాలి, లాగినదాన్ని ఏం చెయ్యాలి, అన్నీ చెప్పేది. జనం బాగానే వచ్చారు. చిక్కల్లా ఆ తీగ అమ్మేది ఆవిడ సొంత అన్నయ్య కావడమే. దీవిలో ఉన్న ఒక్క నర్సరీ ఆయనది. ఊరి కౌన్సిల్‌కి అధ్యక్షుడూ ఆయనే.

ఒక మధ్యాహ్నం ఆయన చెల్లెల్ని భోజనానికి పిలిచాడు.

"మీ వదిన వండింది తింటూ నా పొట్ట కొడతావుటే?"

"మందారాలమ్ముకో, గులాబీలమ్ముకో, ఎవరొద్దన్నారు? ఆ తీగ ఒక్కటీ మానెయ్ అన్నయ్యా."

"కొనేవాళ్ళు అదే కావాలంటున్నారు."

"చెప్పేవాళ్ళు లేకపోతే అలాగే అంటారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాం. ఇంకా నోరు మూసుకోమంటావా?"

వదిన మారు వడ్డించి లోపలికెళ్ళిపోయింది.

ఆ ఆదివారం హాలుకి తాళం. తలుపు మీద 'మరమ్మతులు' అని కాగితం. వచ్చినవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నర్సరీ కుండీలు మోసే లారీ డ్రైవర్ తల గోక్కున్నాడు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా టీచరమ్మా? మీ అన్నయ్య మారడు. ఇళ్ళకి పోదాం పదండి."

"ఆయన వంగకపోతే మానె. నేనూ వంగను. లారీలో గునపం ఉందిగా, పట్టుకురా."

వచ్చినవాళ్ళని వెంటేసుకుని ఆవిడ నేరుగా నర్సరీ గేటు ముందుకెళ్ళి నిలబడింది. గోడ మీంచి వీధి కాలవలోకి తీగ జడలు జడలుగా వేలాడుతోంది. "హాల్లో బొమ్మలు చూపించాను. ఇదిగో, అసలుది!" అంది వెనక బెంచీ గొంతుతో.

అన్నయ్య బయటికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నా గోడ మీద చెయ్యి పడితే ఊరుకోను!"

"గోడ నీది. ఈ కాలవ అందరిదీ. కాలవలోకొచ్చిందే లాగుతాను."

"పుట్టింటి పరువు రోడ్డున పెడుతున్నావే!"

"కొండ రోడ్డున పడినప్పుడు ఏమైంది అన్నయ్యా పరువు?"

ఎవరూ ముందుకి రాలేదు. డ్రైవర్ గునపం కింద పెట్టేసి వెనక్కి జరిగాడు. టీచరమ్మ ఒక్కతే వంగి తీగ లాగింది. వేరు రాలేదు. రెండోసారి లాగింది. చెయ్యి కోసుకుపోయింది.

అప్పుడు గేటు తెరుచుకుంది. వదిన వచ్చింది. మొగుడి వైపు చూడకుండా, పాఠం వినేవాళ్ళ మధ్యకెళ్ళి నిలబడి అడిగింది.

"టీచరమ్మా, ఈ తీగ కొత్త మొలకలకి రోజూ నీళ్ళు పోసేది నేనే. పీకినవాటిని చెత్తలో పడేస్తే చస్తాయా?"

అంతవరకూ వదినా మరదళ్ళే. ఆవిడ టీచరమ్మా అని పిలవడం అదే మొదలు.

"చావవు వదినా. చిన్న ముక్క తడి తగిలినా మళ్ళీ వేళ్ళు పోస్తుంది. సిమెంటు గచ్చు మీద కరకరలాడేదాకా ఎండబెట్టాలి."

"మా పెరట్లో గచ్చుంది" అని వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుంది. ఇద్దరూ కలిసి లాగితే వేరు మట్టితో సహా ఊడొచ్చింది. డ్రైవర్ గునపం మళ్ళీ ఎత్తాడు. తర్వాత జనాన్ని ఎవరూ పిలవనక్కర్లేకపోయింది.

అన్నయ్య తీగ అమ్మడం మానలేదు, వదిన నీళ్ళు పొయ్యడం మానేసింది. ఆ ఇంట్లో కొన్నాళ్ళు కంచాలు గట్టిగానే మోగాయి. కొండ మీద తీగ పీకిన చోట కొన్ని చెట్లు చిగురించాయి, చాలావి లేవలేదు.

కొన్ని వారాల తర్వాత అన్నయ్య డ్రైవర్‌తో కబురు పంపాడు. ఊరి ముందు ఆవిడ ఒక్క మాట తప్పైందంటే హాలు తాళం ఇస్తాడట.

"తాళం ఆయన దగ్గరే ఉంచుకోమను" అంది టీచరమ్మ. "హాల్లో గాలి ఆడదు. ఆదివారం గోడకి ఆ చివర్నించి మొదలుపెడతాం. వినాలనుంటే ఆయన్నీ కుర్చీ తెచ్చుకోమను."