అద్దాల గది గడప

“కాస్త చూసుకుని స్నానం చెయ్యరాదూ?” అన్నాడు మా ఆయన, మంచం మీదికి కాళ్ళు లాక్కుంటూ. స్నానం చేసి వచ్చింది ఆయనే. తల ఇంకా తడారలేదు. బాత్‌రూము తలుపు కిందనుంచి నీళ్ళు పడగ్గదిలోకి పాకుతున్నాయి. నేను అప్పటికి మొహం కూడా కడుక్కోలేదు. అయినా తప్పు నాదే. పాత చీర ముక్క తీసుకుని నేలమీద కూలబడ్డాను. నేను సైన్సు చెప్పే స్కూలు నందిగామలో. ఆ బస్సుకి నలభై నిమిషాలే ఉంది.

ఈ అద్దాల గది మా ఇంటికొచ్చి మూడు నెలలు. ఆయన సున్నపురాయి లారీల కాంట్రాక్టరు. హైదరాబాదులో ఏదో హోటల్లో దిగినప్పుడు చూశాడట, షవరు చుట్టూ అద్దం. జగ్గయ్యపేటలో ఇంకెవరింట్లోనూ లేదు, ఆ ఒక్క కారణం చాలు. వంటింట్లో ఒక పంపు పెట్టించండి, పెరట్లోంచి బిందెలు మొయ్యలేకపోతున్నానని నేను ఆరేళ్ళుగా అడుగుతున్నాను. “చూద్దాంలే” అనటం కూడా ఆరేళ్ళుగానే. అద్దం మాత్రం పది రోజుల్లో బెజవాడ నుంచి చెక్కపెట్టెలో గడ్డి మధ్య పడుకుని వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన బాత్‌రూము చూపించటం, నేను కాఫీలివ్వటం. బాత్‌రూము చూడటానికొచ్చినవాళ్ళకి కాఫీలు కలిపిన ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

దాన్ని బిగించటానికి బెజవాడ నుంచే వచ్చిన సొలొమోను పనిమంతుడు. గోడ టైల్సుకి తూట్లు వేసి, అల్యూమినియం పట్టీలు బిగించి, అద్దం నిలబెట్టాడు. “అన్నం తినొచ్చి, నీళ్ళు కారకుండా సందుల్లో గమ్ము పెడతానమ్మా. అంచులు పొడిగా ఉండాలి, జిడ్డు అసలుండకూడదు. పెట్టాక ఒక రోజంతా నీళ్ళు తగలనియ్యొద్దు” అని నాకు చెప్పాడు. వినేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి. అతను తిరిగొచ్చేసరికి మా అత్తగారు దుర్గాంబగారు కింది పట్టీకి పొడుగునా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేశారు. “దాటుకుని లోపలికెళ్ళేదాన్ని గడపనక ఏమంటారే? బోసిగా ఉంచుతామా?” అన్నారు. రేకు మీద పసుపు నిలవటం లేదని నువ్వులనూనె కూడా కలిపారు. సొలొమోను తల పట్టుకున్నాడు. స్పిరిట్‌తో తుడవాలండీ అన్నాడు. “కానివ్వవయ్యా, సాయంత్రం నలుగురు పెద్దమనుషులొస్తున్నారు” అన్నాడు మా ఆయన. సొలొమోను గుడ్డతో పైపైన తుడిచి గమ్ము పెట్టి, ఇంకో ట్యూబు నా చేతికిచ్చి, “ఇది నిలవదమ్మా” అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మా ఆయన పెద్దమనుషుల ముందు షవరు తిప్పి చూపించాడు. ఆ నీళ్ళు ఇంతవరకూ ఆగలేదు.

ప్రతి శుక్రవారం మళ్ళీ నూనె, మళ్ళీ పసుపు. ఊడొచ్చిన గమ్ము చూపించి “ఆ నూనె వల్లేనండీ అత్తయ్యా” అన్నాను. “స్కూల్లో పిల్లలు చాలక నాకూ పాఠం మొదలెట్టింది” అన్నారావిడ, నూనెగిన్నె దగ్గరికి లాక్కుంటూ. ఆయనకి చెబితే “బెజవాడవాడు చేసిన పనికి నువ్వు వంకలు పెడతావా?” అన్నాడు. నేను చెప్పేది ఆ బెజవాడవాడి మాటేనని ఎవరికి చెప్పుకోను?

తుడవటం, పిండటం, మళ్ళీ తుడవటం. ఆ రోజూ బస్సు తప్పింది, ఈ నెలలో మూడోసారి. మా హెడ్మిస్ట్రెస్ కృపావతిగారు రిజిస్టరు నా వైపు తిప్పి, “నాలుగోసారైతే నేను పైకి రాయక తప్పదు సుభాషిణీ” అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సైన్సు గదిలో నిలబడ్డప్పుడే కదా నేను చెప్పింది చెప్పినట్టు నలభైమంది వినేది! అది పోతే నాకు మిగిలేది ఈ చీర ముక్కే. ఇంట్లో ఆ మాట చెప్పటం నా బుద్ధి తక్కువ. “మానెయ్. నువ్వింట్లో ఉంటే ఈ నీళ్ళ గొడవే ఉండదు” అన్నాడు పంపు సంగతి ఆరేళ్ళుగా తేల్చని మనిషి. శనివారం సాయంత్రానికల్లా రాజీనామా ఉత్తరం టైపు చేయించి తెచ్చి బల్లమీద పెట్టాడు. “సంతకం పెట్టి ఉంచు. సోమవారం నేనే ఇచ్చొస్తా.” అందులో ‘కుటుంబ కారణాల వల్ల’ అని ఉంది. ఆ కారణం ఆరడుగుల పట్టీ, చారెడు పసుపు.

ఆదివారం తల్లీకొడుకులు కీసరలో పెళ్ళికి వెళ్ళారు. నేను తలనొప్పన్నాను. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చుకున్నాను. బ్లేడుతో పాత గమ్మంతా గీకి, పట్టీ తళతళలాడేదాకా తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. సొలొమోను ఇచ్చిన ట్యూబు ముక్కు కోసి మొదలుపెట్టాను. మొదటి జానెడూ వంకరపోయింది. తర్వాత చెయ్యి కుదిరింది. సబ్బునీళ్ళలో వేలు ముంచి నున్నగా దిద్దుకుంటూ వస్తుంటే ఇంత సంతోషంగా ఉందేమిటా అని నాకే కోపమొచ్చింది. మూడు నెలలు ఎందుకు ఆగాను? ఎవరు చేసిపెడతారని?

తలుపుకి తాళం వేశాను. పెరట్లో పాత స్నానాల గది ఉండనే ఉంది. బల్లమీది రాజీనామా కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, బోర్డు మీద రాసేటంత పెద్ద అక్షరాలతో రాశాను: ‘సోమవారం సాయంత్రం దాకా ఇది తెరవకూడదు. పట్టీకి నూనె, పసుపు రాయకూడదు. ఇక ముందు ఎవరు చిందించిన నీళ్ళు వాళ్ళే తుడుచుకోవాలి.’ కింద పూర్తి పేరు రాసి సంతకం చేసి, అన్నం మెతుకులతో తలుపుకి అంటించాను.

సాయంత్రం ఆయన వస్తూనే బల్ల వైపు చూశాడు. “కాగితం ఏదీ? సంతకం పెట్టావా?”

“పెట్టాను,” అన్నాను, మర్నాటి పాఠం పుస్తకంలోంచి తలెత్తకుండా. “బాత్‌రూము తలుపు మీద ఉంది, చదువుకోండి.”